ముక్కాయనా, కుక్కా, అల్లుడి సంచీ

రేవు గేటు దగ్గర పనిచేసేవాళ్లంతా ఆయన్ని ముక్కాయన అనేవారు. నిజానికి ముక్కు ఆయనది కాదు, ఆయన వెంట తిరిగే కుక్కది. లారీల్లో దొంగచాటుగా వచ్చే మత్తు సరుకును పసిగట్టడం దాని పని. అది ఎక్కడ కూర్చుంటే అక్కడ తనిఖీ చేయించడం ఆయన పని. ఎనిమిదేళ్లు కలిసి చేశాక ఇద్దరూ ఒకే రోజున రిటైరయ్యారు.

ఇంట్లో ఏమీ తోచక కుక్క తలుపులు కొరకడం మొదలుపెట్టింది. "దాని ముక్కుకు పని చెప్పండి" అన్నాడు పశువుల డాక్టరు. పక్కవీధిలో కాపురముంటున్న కూతురు వచ్చి తుండుగుడ్డలో బిస్కెట్లు చుట్టి ముడివేసింది. గుడ్ల అట్టల గుంటల్లో మరికొన్ని దాచి పైన కాగితపుండలు కప్పింది. "ఇదేం పిల్లలాట!" అని మూతి తిప్పుకున్న ఆయనే, వారం తిరక్కుండా హాల్లో అయిదు అట్టపెట్టెలు వరసగా పేర్చి, గొలుసు పట్టుకుని, డ్యూటీ చేసినంత శ్రద్ధగా ఆడించసాగాడు.

మనుషుల మీద ఆయనకు నమ్మకం తక్కువ. అందులోనూ కొత్తల్లుడి మీద. ఫోను మోగితే చాలు, ఆ అబ్బాయి బయటికి పోయి గొంతు తగ్గించి మాట్లాడతాడు. నల్ల సంచీ ఒకటి చంకన వదలడు. 'వీడి వాలకం ఎక్కడో తేడాగా ఉంది' అని ఆయన లోలోపల గింజుకునేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ సంచీ పెట్టెల వరస చివర గోడకు ఆనించి ఉంది. కుక్క పెట్టెలన్నీ దాటేసి, దాని ముందు ఆగి, ఆయన మొహంలోకి చూసి, కూర్చుంది.

ఆయన అల్లుడివైపు తిరిగాడు. "సంచీ తియ్యి బాబూ."

"ఏముంటుంది మావయ్యా అందులో? బట్టలు, ఛార్జరు..."

"కుక్క ఊరికే కూర్చోదు."

చొక్కాలు, దువ్వెన, కడుపుమంట మాత్రలు, అన్నీ నేలమీదికొచ్చాయి. అయినా మనసొప్పక బ్లేడు తెచ్చి లోపలి గుడ్డ కోశాడు. ఏమీ లేదు. అల్లుడి మొహం మాడిపోయింది.

వంటింట్లోంచి వచ్చిన కూతురు ఆ కోతను చూసింది. పెట్టెలు లోపలికి తీసుకుపోయి, మూతలు మూసి తెచ్చి పేర్చింది. "మూడోదాంట్లో బిస్కెట్టుంది నాన్నా. కుక్కను తిప్పు."

ఆయన తిప్పాడు. కుక్క మూడోదాని దగ్గర తల ఎత్తి, ఆయన్ని చూసి, కూర్చుంది. కూతురు మూత తీసింది. ఖాళీ.

"ఇంకోసారి. నాలుగోది."

నాలుగోదీ ఖాళీయే.

"దేంట్లోనూ పెట్టలేదు నాన్నా. బిస్కెట్లన్నీ డబ్బాలోనే ఉన్నాయి. అది నీ మొహం చూసి కూర్చుంటోంది."

ఆయన ఒప్పుకోలేదు. కానీ కూతురు చెప్పిన పెట్టె దగ్గరికి రాగానే తన అడుగు ఆగిందని, గొలుసు బిగిసిందని ఆయన చేతికి తెలుసు. మంచం మీద కూలబడ్డాడు. అప్పుడు ఒక లారీ డ్రైవరు గుర్తొచ్చాడు. మెల్లకన్ను మనిషి. చూడగానే ఆయనకు నచ్చలేదు. వచ్చినప్పుడల్లా కుక్క ఆ లారీ దగ్గరే కూర్చునేది. పదకొండుసార్లు బస్తాలన్నీ దింపించారు, ఒక్కసారీ ఏమీ దొరకలేదు. "గట్టివాడు, ముందే దాటించేశాడు" అని ఆయన ప్రతిసారీ అనేవాడు. చివరికి యజమాని ఆ డ్రైవర్ని పనిలోంచి తీసేశాడు.

సాయంత్రం ఆయనే సూదీ దారం తీసుకుని సంచీ కుట్టాడు. "తప్పయింది బాబూ" అన్నాడు తలెత్తకుండా. ఫోను సంగతి నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు.

ఇప్పుడు బిస్కెట్లు దాచేది అల్లుడు. కుక్క వెతుకుతున్నంతసేపూ ఆయన బయట మెట్ల మీద కూర్చుంటాడు. మొన్న రేవుకు వెళ్లి ఆ డ్రైవరు గురించి వాకబు చేశాడు. "ఎవరు, ఆ మెల్లకన్నాయనా? ఎటుపోయాడో!" అన్నారు. గేటు ఆఫీసరుకు జరిగిందంతా రాసి ఇచ్చి వచ్చాడు. జవాబు రాలేదు. వచ్చే వారం మళ్లీ వెళ్తానంటున్నాడు.