చిలకల మీద విమానాలు

లోకంలో చిలకల మీద వైమానిక దాడి చేయించిన మనిషిని నేనొక్కణ్ణే అయి ఉంటాను. అదీ యుద్ధభూమిలో కాదు, పెదనలో, మా మావయ్య అద్దకం బల్ల మీద, పట్టపగలు, ఆయన పక్క బల్ల దగ్గరే ఉండగా. ఆ దాడిలో నా పెళ్ళి కూడా కూలిపోయేదే, వెంట్రుకవాసిలో తప్పింది. చదివాక మీరు నన్ను ఎన్ని మాటలన్నా నాకేమీ కొత్త కాదు. మా ఇంట్లో ఆ కార్యక్రమం ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది.

అవి తొంభైల నాటి రోజులు. నాకు పెళ్ళీడు వచ్చింది, బుద్ధి మాత్రం ఇంకా దారిలో ఉంది. వీరాస్వామి మావయ్య దగ్గర కలంకారీ అద్దకం పని చేసేవాణ్ణి. ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. ఆయనకు ఒక్కతే కూతురు, నాగమణి. మా ఇద్దరికీ ముడిపెట్టాలని అమ్మ పైకే అనేది. నాగమణి పైకి అనేది కాదు గానీ, నాకు టీ తెచ్చినప్పుడు గ్లాసు నిండుగా ఉండేది, మిగతావాళ్ళకి కాస్త వెలితిగా ఉండేది. నాకది చాలు. ఇక ఔననవలసింది మావయ్య ఒక్కడే. అమ్మ ఆ మాట ఎత్తినప్పుడల్లా ఆయనది ఒకటే జవాబు.

"ముందు వాడి చేతిమీద ఒక్క గుడ్డ తప్పు లేకుండా దిగనియ్యక్కా. తర్వాత చూద్దాం."

గుడ్డ ఎందుకు దిగలేదంటే, నా ప్రాణం బందరులో ఉండేది. అక్కడ బస్టాండు దగ్గర ఒక సందులో వీడియో గేముల గది ఉండేది. అందులో ఒక విమానాల ఆట. తెర అడుగున మన విమానం ఉంటుంది. పైనుంచి శత్రువుల విమానాలు వరసలు కట్టి దిగుతూ ఉంటాయి. సముద్రం, దీవులు, ఓడలు అన్నీ పైనుంచి కిందికి జారిపోతుంటాయి. ఎడమచేత్తో మీట ఊపుతూ, కుడి బొటనవేలితో బొత్తం నొక్కుతూ, వచ్చినదాన్ని వచ్చినట్టు కూల్చుకుంటూ పోవాలి. చిట్టచివర ఒక మహా విమానం దిగుతుందని, అది తెరంతా కమ్మేస్తుందని చూసినవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. నేను మాత్రం చూడలేదు. అది దర్శనమివ్వకముందే ఏదో ఒక బుల్లి విమానం నన్ను సముద్రంలో కలిపేసేది. గది యజమాని చాలా మర్యాదస్థుడు. ఒకరోజు నా ఆట కాసేపు చూసి, "శ్రీను గారూ, మీరు విమానం నడపట్లేదండీ, బలి ఇస్తున్నారు" అన్నాడు.

ఆట రాకపోతే మనిషి మానుకోవాలి. నేను మానలేదు సరికదా, ఇంటికొచ్చి ఆ విమానాన్ని చెక్కాను. మా పనిలో బొమ్మలన్నీ టేకు చెక్కమీద చెక్కిన అచ్చులతోనే అద్దుతాం. నా దగ్గర అరచేతిలో ఇమిడిపోయే చిలక అచ్చు ఒకటి ఉండేది. పిడి లేని చిన్న అచ్చు అది, వెనకవైపు నున్నగా, ఖాళీగా ఉంది. ఖాళీగా ఉన్న చెక్కనీ, ఖాళీగా ఉన్న బుర్రనీ ఒకచోట పెట్టకూడదు. రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఆ వెనకవైపు నా విమానాన్ని దింపేశాను. చేతిరుమాళ్ళ మీద అద్దుకుని బందరులో దర్జాగా తిరగాలని నా కోరిక. నాగమణి చూసి పెదవి విరిచింది.

"బావా, ఇది గానీ నాన్న కంటపడిందంటే, ఆ విమానంలోనే నిన్ను ఊరు దాటిస్తాడు."

సరిగ్గా అప్పుడే గుడివాడ నుంచి ఒక బియ్యం మిల్లు షావుకారు గారి కబురొచ్చింది. వాళ్ళమ్మాయి పెళ్ళికి అడ్డుతెర కావాలి. మామూలు పట్టు తెర కాదు, కలంకారీ తెర. మధ్యలో పెద్ద పూలచెట్టు, కొమ్మకొమ్మకీ ఎర్ర చిలకలు. చెట్టు నల్ల గీత అంతా మావయ్య తన చేత్తో అద్దాడు. తర్వాత నన్ను పిలిచి, చిలకలన్నీ నువ్వే వెయ్యి, ఇది తిన్నగా దిగితే మీ అమ్మతో మాట్లాడతాను అన్నాడు. నాగమణి గుమ్మంలోనే ఉంది. ఆ రోజు నా టీ గ్లాసు పొంగి సాసరులోకి కూడా వచ్చింది.

ఇక్కడ మా పని గురించి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే మావయ్యకి కళ్ళు కనపడవేమో అనుకుంటారు మీరు. కలంకారీలో ఎరుపు అద్దేటప్పుడు ఎర్రగా ఉండదు. అద్దేది పటిక నీళ్ళు. తడిగా ఉన్నంతసేపే కాస్త మరక, ఆరిందంటే గుడ్డకి ముందే పట్టించిన కరక్కాయ పసుపులో కలిసిపోతుంది. ఆ గుడ్డని కాలవలో ఉతికి, ఎర్ర రంగునిచ్చే వేళ్ళూ చెక్కలూ వేసిన రాగి కాగులో మరిగిస్తే, పటిక పడ్డచోటల్లా ఎరుపు తేలుతుంది. కనపడడానికి కొందరు పటికలో కాస్త రంగు కలుపుతారు. మావయ్యకి అది నామోషీ. చేతికి పని తెలిస్తే కళ్ళెందుకు అనేవాడు. నా చేతికి ఏం తెలుసో ఆయన అప్పుడు అడగలేదు.

పొద్దున మొదలుపెట్టాను. తెర అడుగు కొమ్మలనుంచి పైకి అద్దుకుంటూ పోవాలి. ఆ చిలక అచ్చుని పటిక పెట్టెలో ముంచడం, గుడ్డమీద పెట్టడం, పిడికిలితో ఒక్కటివ్వడం. ఆ దెబ్బ చప్పుడుకి నా మనసు బందరు వెళ్ళిపోయింది. ఒక్కొక్క దెబ్బకీ ఒక్కొక్క విమానాన్ని కూలుస్తున్నట్టే ఉంది. మధ్యాహ్నానికి కింది సగమంతా చిలకలు పూర్తయ్యాయి. అన్నం తినొచ్చి మళ్ళీ అచ్చు చేతిలోకి తీసుకున్నాను.

పాఠకులారా, నా తెలివి ఇక్కడే చూడాలి. చేతిలోకి తీసుకోగానే జాగ్రత్తగా చూసుకున్నాను. చిలక నా వైపు చూస్తోంది. ఆహా, చిలకే కనపడుతోంది, సరిగ్గానే పట్టుకున్నాను అని నిశ్చింతగా పని మొదలుపెట్టాను. చిలక నాకు కనపడుతోందంటే గుడ్డకి కనపడేది ఇంకొకటని తట్టలేదు. పై సగమంతా అలాగే అద్దాను. చాలదన్నట్టు, చిలకల చుట్టూ గింజల్లా ఉంటాయని చుక్కల అచ్చు తీసుకుని, ఒక్కొక్క దానికింద మూడేసి చుక్కలు కూడా వేశాను. అది నా సొంత ఊహ. సాయంత్రానికి గుడ్డ ఆరింది, ఏమీ కనపడలేదు. మావయ్య చెయ్యి పెట్టి తడిమి, "వరస తిన్నగానే ఉన్నట్టుందిరా" అన్నాడు. ఆయన నోట నేను విన్న మొదటి మెప్పు అది. సంతోషంతో నాకు మెతుకు దిగలేదు.

గుడ్డ మరిగించే రోజు అమ్మ కూడా వచ్చింది. కాగు కింద మంట, మావయ్య చేతిలో కర్ర, పక్కన నాగమణి. గుడ్డ మడతలు పొంగి తిరుగుతున్నాయి. ముందు ఒక చిలక తేలింది, ముచ్చటగా. ఇంకొకటి తేలింది. అమ్మ మురిసిపోయింది. అప్పుడు మూడో మడత తిరిగింది.

"ఇదేం పక్షిరా," అన్నాడు మావయ్య, "రెక్కలు కొయ్యబారిపోయినయ్యి?"

నేను మెల్లగా అమ్మ వెనక్కి జరిగాను. ఆయన గుడ్డని కర్రతో పైకెత్తి, దండెం మీద బారుగా పరిచాడు. చెట్టు కింది సగంలో చిలకలు హాయిగా కొమ్మలమీద కూర్చుని ఉన్నాయి. పై సగంలోనుంచి ఎర్రటి విమానాలు వరసలు కట్టి వాటిమీదికి దిగుతున్నాయి. నా సొంత ఊహ వృథా పోలేదు, ప్రతి విమానమూ మూడేసి గుండ్లు వదులుతోంది. విమానానికి చెలగాటం, చిలకకి ప్రాణసంకటం.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను, కాదు. మావయ్య మాత్రం నవ్వలేదు. ఆ గుడ్డ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి నిలబడ్డాడు. నా పెళ్ళి కూడా ఆ విమానాలెక్కి వెళ్ళిపోతున్నట్టే అనిపించింది. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఆటమీద కోపం కూడా వచ్చింది. అప్పుడు నాగమణి గుడ్డ దగ్గరికెళ్ళింది.

"నాన్నా, విమానాల సంగతి వదిలెయ్యి. వరస చూడు. ఒక్కటైనా వంకర పోయిందా? అచ్చు ఎక్కడైనా చెదిరిందా?"

మావయ్య చూశాడు. వంగి చూశాడు, దూరం జరిగి చూశాడు. గుడ్డ వెనకవైపు కూడా చూశాడు. కాసేపటికి ఆయన మీసం కదిలింది.

"బుద్ధి వంకరే గానీ చెయ్యి తిన్నగానే ఉంది," అన్నాడు. "షావుకారు గారికి వేరేది నేనే అద్ది ఇస్తాను. ఇది అడ్డుతెరకని అద్దిన గుడ్డ, అడ్డుతెరకే వాడాలి. నీ పెళ్ళికి ఇదే కడతాం."

నాకు సగమే అర్థమైంది. "నా పెళ్ళా? ఎవరితో మావయ్యా?" అని అడిగాను.

"నిన్నూ ఈ గుడ్డనీ కలిపి చూసి కూడా వెనకేసుకొచ్చింది చూడు, దానితో."

నాగమణి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు ఎవరికీ టీ రాలేదు.

మావయ్య అన్నంత పనీ చేశాడు. పెళ్ళి పందిట్లో మా మధ్య ఆ తెరే పట్టారు. పంతులుగారు దాన్ని చూసి ఒక మంత్రం మధ్యలో ఆగి, మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు. ముహూర్తం వేళకి తెర పైనుంచి చేతులు చాచి, ఒకరి తలమీద ఒకరం జీలకర్ర బెల్లం పెట్టుకున్నాం. మేళం జోరందుకుంది. తెర నెమ్మదిగా దించడం మొదలుపెట్టారు.

అప్పుడు చూశాను. నా కళ్ళెదుట విమానాలు వరస వెంబడి వరస పైనుంచి కిందికి దిగుతున్నాయి. కింద చిలకలు, కొమ్మలు జారిపోతున్నాయి. అచ్చం బందరు ఆటే. పెళ్ళన్న సంగతి, పందిరన్న సంగతి మరిచిపోయాను. ఒక వరస దిగిపోయింది, ఇంకొకటి దిగిపోయింది. ఇన్నాళ్ళూ నాకు దక్కని ఆ చిట్టచివరి ఘట్టం రానే వచ్చింది. ఆఖరి వరస కిందికి జారి, తెర అంచు మీదినుంచి నాగమణి ముఖం ఉదయించింది. నవ్వాపుకోలేక కళ్ళలో నీళ్ళు, బాసికం పక్కకి ఒరిగి ఉంది. నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా ఒకే మాట అంది.

"బావా, బొటనవేలు ఆపు. అది బొత్తం కాదు, నా తల."

ఆ క్షణాన, జీలకర్ర బెల్లం సాక్షిగా, పటిక సాక్షిగా, మరిగిన రాగి కాగు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో విమానం జోలికి పోను, అచ్చుకి రెండోవైపు ఉలి ఆనించను, చిలక నావైపు చూస్తే నమ్మను. ఆ మాట ఇప్పటికీ తప్పలేదు. తెర అంచున ఉదయించిన ఆ చివరి మహా విమానాన్ని గెలవడం మాత్రం ఇన్నేళ్ళయినా నావల్ల కాలేదు.