నడుముల్లోతు పునాది

రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో, హుస్నాబాద్ దారిలో ఒక వాగు మీద కల్వర్టు కట్టే గుత్త నాకు దక్కింది. నక్షాలో పునాది మనిషి నిలువు కంటే లోతుగా ఉంది. నడుముల్లోతు తవ్వేసరికే ఓవర్సీరు ఆపమన్నాడు. కలెక్టరు వచ్చేలోగా గోడలు లేవాలట.

"గట్టినేల ఇంకా తగల్లే సార్" అన్నాను.

"నాకే చెప్తున్నవా రా? కట్టు."

కట్టాను. ఆ మాట కాగితం మీద పెట్టమని అడగలేదు. మా గుత్తేదార్లలో అధికారిని రాసిమ్మనడమంటే ఆయన్ను దొంగ అన్నట్టే. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

వానలు పడగానే ఒక గోడ కూలింది. తాను లేని సమయం చూసి నేను లోతు తగ్గించానని ఓవర్సీరు రిపోర్టు రాశాడు. నా పేరు బ్లాక్‌లిస్టులో ఎందుకు పెట్టకూడదో చెప్పమని నోటీసు వచ్చింది. పెడితే జిల్లాలో ఇక నాకు పని పుట్టదు. నాకు ఒళ్లు మండిపోయింది. కరీంనగర్‌లో వకీలు దగ్గరికి పోయి, వాణ్ని ఆ వాగులోనే పాతిపెడతానన్నాను.

ఆయన పాన్ నములుతూ విన్నాడు. "పాతిపెట్టు. వాడు సచ్చి సుఖపడ్తడు, నువ్వు బతికి జైలుల కూసుంటవ్. కరారునామా తెచ్చినవా?"

ఆ ఒప్పంద పత్రంలో ఒక షరతు ఉంది: పేచీ వస్తే పెద్ద ఇంజనీరు ఇద్దరినీ విని తీర్పు చెప్పాలి. వకీలు అర్జీ రాసి, పునాది నాడు జరిగిందంతా చెప్పమన్నాడు. కొబ్బరికాయ కొట్టిన దగ్గర్నుంచి చెప్పాను. మొదటి రాయి అధికారి చేతనే పెట్టించడం మా ఆనవాయితీ. ఓవర్సీరు తానే గుంతలో దిగి పెట్టాడు.

"ఇగ ఫికర్ చెయ్యకు" అన్నాడు వకీలు.

విచారణ ముసాఫిర్ బంగ్లాలో పెద్ద ఇంజనీరు ముందు జరిగింది. వకీలు చేతులు కట్టుకుని ఎంతో వినయంగా అడిగాడు. "మొదటి రాయి మీ చేతుల మీదనే పడ్డదంట గద సార్?"

ఓవర్సీరు ఉబ్బిపోయాడు. "అవును, నేనే దిగి పెట్టిన."

"పెద్దోళ్లు మీరు, దిగనీకి నిచ్చెనన్న వేసిన్రా?"

"నిచ్చెనెందుకు? నడుముల్లోతే గద."

పెద్ద ఇంజనీరు నక్షా విప్పి, అందులో రాసిన లోతు మీద వేలు పెట్టాడు. ఓవర్సీరు అప్పుడు నాలుక కరుచుకున్నాడు. నా పెళ్లినాడు కూడా నాకంత సంబరం కాలేదు.

నా పేరు జోలికి పోవద్దని తీర్పు వచ్చింది. కల్వర్టు మళ్లీ కట్టాలి. గట్టినేల తగిలేదాకా ఓవర్సీరు దగ్గరుండి, గుంతలో దిగి చూసుకోవాలి. ఎండలు ముదిరాయి. నన్ను "ఏరా" అన్న మనిషి ఇప్పుడు "గుత్తేదార్ సాబ్, ఇంకా తగల్లేదా?" అని రోజుకు పదిసార్లు అడిగేవాడు.

"లేదు సార్, జర ఓపిక పట్టున్రి" అనేవాణ్ని.

గట్టి మొరం నేల తగిలి అప్పటికి మూడు రోజులైంది. ఆ సంగతి నాకు తెలుసు, గడ్డపార పట్టిన ప్రతి కూలికీ తెలుసు. దాని మీదే నిలబడి చెమటలు కక్కుతున్న ఓవర్సీరుకు మాత్రం తెలియదు. నేను ఇంకో రెండు రోజులు తవ్వించాను.