వీపుతో విన్న పాప

"నెమ్మదైన పిల్ల" అని ఎవరైనా ఒక పసిబిడ్డను మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. పది నెలలపాటు మా ఇంట్లో ఆ మాట మెచ్చుకోలుగానే చెలామణి అయింది. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

నా మేనకోడలు పాడేరులో టీచరు. భర్త ఉద్యోగం విశాఖపట్నంలో, వారానికోసారి వస్తాడు. కాన్పు తర్వాత సాయం కోసం ఆమె అత్తగారు విజయనగరం వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. హేతువాద సభల్లో ఉపన్యాసాలిచ్చే మాస్టారిని నేను, రెండు వీధుల అవతల ఉంటాను. రోజూ పొద్దున్నే వెళ్లి పాపను ఒకసారి ఎత్తుకుంటే గాని నాకు కాఫీ దిగదు.

పాప మూడో నెలకు మెడ నిలిపింది. అయిదో నెలలో బోర్లాపడింది. ఆరు నిండకుండానే దిండు ఆసరా లేకుండా కూర్చుంది. ఎనిమిదో నెలలో పాకుతూ వెళ్లి వంటింట్లో ఉల్లిపాయల బుట్ట తలకిందులు చేసింది. నెలనెలా తూచిన బరువు కార్డు మీద గీతగా పైకి పోతూనే ఉంది. ఆ గీతను చూసుకుని నేను మురిసిపోయేవాణ్ణి. పిల్లలు దిష్టి వల్ల చిక్కిపోరు, తిండి లేక చిక్కిపోతారని ఊరంతా తిరిగి చెప్పినవాణ్ణి కదా, ఆ కార్డు నా సిద్ధాంతానికి సర్టిఫికెట్‌లా కనిపించేది. నాలుగో నెలలో ఉంగా ఉంగా అంటూ కబుర్లు చెప్పిన పిల్ల ఏడో నెల వచ్చేసరికి ఆ ఉంగాలు కూడా తగ్గించేసిందని ఏ గీతా చెప్పదు.

ఒక్క మనిషి గమనించింది. ఆ అత్తగారే. ఒక ఉదయం నేను వెళ్లేసరికి ఆవిడ ఆముదం దీపం మీద వసకొమ్ము కాల్చి, తల్లిపాలతో సాన మీద అరగదీసి, వేలితో పాప నాలుకకు రాయబోతోంది.

"ఏంటది చెల్లెమ్మా?"

"వస, అన్నయ్యగారూ. గుంటకి మాట రాటం లేదని. ఈ ఈడు పిల్లలు అత్తా తాతా అంటన్నారు, ఇది నోరిప్పదు."

"వసతో మాటలొచ్చేటట్లయితే వసకొమ్ములమ్మేవాడు ఈపాటికి ఎమ్మెల్యే అయ్యుండాలి."

"మీకు మాత్రం సిన్నప్పుడు గంపెడు పోసుంటారు," అందావిడ, నా వైపు చూడకుండానే.

మేనకోడలు నవ్వు ఆపుకోలేక గదిలోకి వెళ్లిపోయింది. నాకు పౌరుషం వచ్చింది. ఆ రోజు నుంచి నెలరోజులు నేను వస మీద యుద్ధం చేశాను. పసిపిల్లల కడుపులోకి అది పోతే ఏమవుతుందో చెప్పాను. వాంతులు, మత్తు, ఊపిరి అందకపోవడం ఏకరువు పెట్టాను. పిల్లల డాక్టరు చేత కూడా వద్దనిపించాను. చివరికి ఆవిడ కొమ్మును కాలవలో పారేసింది. నేను గెలిచాను.

ఆ గెలుపు తలుచుకుంటే ఇవాళ సిగ్గేస్తుంది. మందు తప్పే. కాని ఆ మందు పట్టుకొచ్చిన మనిషి ఒక నిజం కూడా పట్టుకొచ్చింది: పాపకు మాట రావడం లేదు. ఎందుకు రావడం లేదని ఆ నెలరోజుల్లో ఒక్కసారి కూడా నేను అడగలేదు. వసతో పాటు ఆ ప్రశ్నను కూడా కాలవలో పారేయించాను. చర్చా వేదికల మీద ఆరితేరిన నాలాంటివాళ్లు చేసే తప్పు ఇది. ఎదుటివాడి జవాబును ఓడించగానే అసలు ప్రశ్నే లేదనుకుంటాం.

తొమ్మిదో నెలలో మేనకోడలు నన్ను పక్కకు పిలిచింది. "మావయ్యా, వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తిరగటం లేదు."

"ఆటలో ఉండుంటుందమ్మా. మొన్న పెళ్లి ఊరేగింపులో డప్పుకి ఎలా గెంతిందో చూడలేదా?"

చూసింది. వీధంతా చూసింది. మేనకోడలు బడికి వెళ్లే వేళల్లో పాపను ఎత్తుకు తిరిగే ఓపిక అత్తగారికి లేక పక్కింటామె చూసుకుంటుంది. డుంబ్రిగుడ దగ్గర కొండ పల్లెలో పుట్టి, పెళ్లయి పాడేరు వచ్చిన మనిషి. వాళ్ల వైపు ఆడవాళ్లలాగే పాపను గుడ్డతో వీపుకు కట్టుకుని గిన్నెలు తోముతుంది, పసుపు ఎండబెడుతుంది, కట్టెలు సర్దుతుంది. ఆ వీపు మీద ఉండగానే డప్పుకి పాప కాళ్లాడించి గెంతింది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నాను. టీకాల రోజు నర్సు కూడా పరీక్ష చేసింది. పాప ముఖానికి ఎదురుగా రెండు చేతులూ చాచి చప్పట్లు కొట్టింది. పాప ఆ చేతుల వంక చూసింది. "వింటోంది" అని కార్డులో టిక్కు పెట్టింది. ఎదురుగా చప్పట్లు కొడితే కళ్లు లేని బొమ్మ తప్ప ఎవరైనా చూస్తారు. ఆ మాట ఆమెతో అనడానికి అప్పుడు నా బుర్ర పనిచేయలేదు.

పదో నెలలో ఒక మధ్యాహ్నం పక్కింటామె పాపను వీపున కట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"మాస్టారూ, ఒక బిందె, గరిటె ఇవ్వండి."

ఇచ్చాను. ఆమె పాపను దించి మంచం మీద కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టింది. పాప దుప్పటి అంచున దారం లాగుతోంది. ఆమె నాలుగడుగులు వెనక్కి నడిచి బిందె మీద గరిటెతో కొట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. పాప దారం లాగుతూనే ఉంది. మళ్లీ కొట్టింది, ఇంకా గట్టిగా. దారం ఊడి చేతికి వచ్చినందుకు పాప నవ్వుకుంది.

ఆమె పాపను మళ్లీ వీపుకు కట్టుకుని, నోరు మూసుకుని గొంతులోనే ఏదో పాట తీసింది. పాప చెంప ఆమె వీపుకు ఆనించి, కదలకుండా, కళ్లు విప్పార్చింది.

"సూసేరా. ఈ పాప సెవితో ఇనదు మాస్టారూ, నా ఈపుతో ఇంటాది. డప్పయినా అంతే."

"ఎన్నాళ్లైంది నీకు తెలిసి?"

"రెండు నెల్లు. పాప నానమ్మతో అన్నాను. గుంటకి సెవుడు అంటగడతావా అని తిట్టింది."

"నాతో చెప్పొచ్చుగా."

"మీరు వస గొడవలో ఉన్నారు."

చదువురాని మనిషి, శబ్దాన్ని ఒకసారి చెవికి, ఒకసారి ఒంటికి వినిపించి, తేడా చూసి, కారణం పట్టుకుంది. హేతువాదం గురించి నేను ఏళ్లతరబడి రాసిన పేజీల్లో అంత శుభ్రమైన పరీక్ష ఒక్కటీ లేదు.

ఆ వారమే ఘాట్ దిగి విశాఖపట్నం వెళ్లాం. నిద్రపోతున్న పాప తలకు తీగలు అంటించి పరీక్ష చేశారు. రెండు చెవుల్లోనూ వినికిడి బాగా తక్కువ, కొంత మిగిలి ఉంది. వెంటనే చెవులకు వినికిడి యంత్రాలు పెట్టాలి, అవి చాలకపోతే తర్వాత ఆపరేషన్ గురించి చూడాలి. మెదడు మాటను నేర్చుకునే రోజులివి, ఒక్క నెల కూడా వదులుకోవద్దన్నారు. పుట్టినప్పుడే నిద్రలో ఉండగా కొన్ని నిమిషాల్లో చేయగల పరీక్ష కూడా ఉందట. కాన్పు చేసినవాళ్లు మాకు చెప్పలేదు. బరువుకు కార్డులో నెలనెలా గీతుంది, చెవికి ఒక్క టిక్కే. ఇంటినిండా చదువుకున్నవాళ్లున్న పాడేరులోనే ఇలా అయితే, ముంచింగిపుట్టు అవతల జీపు దిగి గంట నడిచి చేరే పల్లెలో పిల్లను ఎవరు పరీక్షిస్తారు? ఆ పిల్లను కూడా నెమ్మదైనదనే అంటారు. ఆ తర్వాత మొండిది అంటారు. ఆ తర్వాత మూగది అంటారు.

యంత్రాలు పెట్టిన మొదటి వారం పాప వాటిని పీకి పారేసింది. మేనకోడలు దారాలతో వాటిని గౌనుకు కట్టి, పీకిన ప్రతిసారీ మళ్లీ పెట్టింది. సెలవు పెట్టుకుని, పొద్దస్తమానం పాప ముఖానికి ముఖం పెట్టి మాట్లాడుతూనే ఉండేది.

అంతలో మొదటి పుట్టినరోజు వచ్చింది. పల్లె నుంచి అత్తగారి వైపు చుట్టాలు దిగారు. ఫొటో తీసే ముందు ఆవిడ ఒక ఉన్నిటోపీ తెచ్చింది.

"సలిగా ఉంది, టోపీ పెట్టే. లేదంటే ఆ మిసన్లు ఒక్క గంట తీసెయ్. రేపు దీనికి పెళ్లి సెయ్యాలా వద్దా?"

ఏడాది పిల్ల పెళ్లి గురించి బెంగ. నాకు కళ్లజోడుంది, ఆవిడకు కట్టుడు పళ్లున్నాయి, వాటిని దాచుకోమని మాకు ఎవరూ టోపీలివ్వలేదు. ఆ మాట అనబోయాను. మేనకోడలు నన్ను చూపుతో ఆపింది.

"తీస్తే ఆ గంటా పాపకి ఎవరు తిరిగిస్తారత్తయ్యా?" అంది.

అత్తగారు వినలేదు. మనవరాలిని ఒళ్లోకి లాక్కుని టోపీ చెవుల కిందికి దించేసింది. దించగానే యంత్రాలు కూ అని ఈల వేశాయి. గుడ్డ ఒత్తుకుంటే అవి అలాగే అరుస్తాయి. గదిలో ఉన్న చుట్టాలంతా తలలు తిప్పారు.

"ఏటే ఆ ఈల?" అంది ఆవిడ, టోపీ మీద చేయి తీయకుండా.

"మూస్తే అరుస్తాయత్తయ్యా," అని మేనకోడలు ఆ చేతిని పక్కకు తీసి, టోపీ లాగి, మడిచి చుట్టాల పిల్లాడికి ఇచ్చేసింది. రెండు యంత్రాలూ ఎర్ర దారాలతో సహా చెవుల మీద కనిపిస్తూ ఉండగా ఫొటో దిగారు. ఆవిడ అందులో పక్కకు చూస్తోంది.