అవతలోళ్ళు బావున్నారా?

మా పక్కింటి టీచరుగారు పోయిన వారం ప్రభువునందు నిద్రించారు. చర్చి నుంచి వచ్చిన కబురులో ఆ మాటే ఉంది. నిద్రించడమన్నది ఆవిడకి బొత్తిగా నప్పని మాట. కోడి కంటే ముందు లేచి వీధినంతా లేపే మనిషి. కానీ మర్నాడు పొద్దున గోడ పక్కనుంచి "అమ్మాయ్, లేచావా?" అన్న కేక, మంచాన పడ్డాక కూడా ఆవిడ మాననిది, వినపడలేదు. నమ్మక తప్పలేదు.

తెనాలి మీదుగా బస్సులో వెళ్ళేవాళ్ళకి మా కాలువలంటే ఒక వంతెన, కాస్త వాసన, అంతే. టీచరుగారికి అలా కాదు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాక, కాలువల్లో నీళ్ళున్నన్నాళ్ళూ ఆదివారం సాయంత్రం ఎవరొస్తే వాళ్ళని గట్టు వెంట నడిపించి ఊరు చూపించేవారు. ఊరి చివర పడవ ఎక్కించేవారు. రేపల్లె నుంచి రైల్లో వచ్చిన చుట్టాలు, మసీదు వీధిలో బట్టలు కుట్టే ఆడవాళ్ళు, ఎవరైనా సరే. "ఈ మెట్లు ఉతుక్కోడానికి కట్టినవి కాదు నాయనా, ధాన్యం పడవలు ఆగిన రేవిది. గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని పడవని లాక్కెళ్ళేవాళ్ళు" అని చెబుతూ, తన చీరకొంగే భుజాన వేసుకుని లాగి చూపించేవారు.

నాది బాపట్ల. మా ఆయన పోయాక బదిలీ మీద ఈ ఊరొచ్చి, ఆఫీసూ ఇల్లూ తప్ప మరొకటి ఎరగకుండా ఉండేదాన్ని. గొంతెత్తి మాట్లాడటమే మరిచిపోయాను. టీచరుగారు నన్ను ఓదార్చలేదు. ఒక ఆదివారం గుమ్మంలో నిలబడి "చెప్పులేసుకో" అన్నారు.

"నాకు ఓపిక లేదండి."

"ఇంట్లో కూచుంటే వస్తదేంటి ఓపిక? వేసుకో."

ఆవిడ నడకలో ఒక తంతు ఉండేది. మమ్మల్నందరినీ వంతెన దాటించి, తను మాత్రం ఈ గట్టునే ఆగి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని కేకేసేవారు. "అవతలోళ్ళు బావున్నారా?"

కొత్తగా వచ్చినవాళ్ళు "ఆఁ, బావున్నామండీ!" అనేవాళ్ళు. అది తప్పు జవాబు. "మేం ఇవతలే ఉన్నామండీ!" అనాలి. అనేదాకా వదిలేవారు కాదు. "నువ్వు నిలబడ్డ చోటు నీకు అవతలెట్టా అవుద్ది? ఎవరి గట్టు వాళ్ళకి ఇవతలే. కాలవకి అవతల లేదమ్మాయ్" అనేవారు.

మొదటిరోజు అందరూ అరిచారు. నాకు గొంతు పెగల్లేదు. అంతమందిలో ఆవిడకెలా తెలిసిందో గానీ, "బాపట్లమ్మాయి గొంతు వినపళ్ళేదు" అని మళ్ళీ కేకేశారు. మళ్ళీ రాలేదు. మూడోసారికి వచ్చింది. ఎంత గట్టిగా వచ్చిందంటే గట్టు మీద మేస్తున్న గేదె తలెత్తి చూసింది. ఆ రాత్రి చాలాకాలం తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను. టీచరుగారికి నేను రుణపడ్డది అక్కడ.

అలాగని ఆవిడ ఏదీ పొరబడేవారు కాదనుకోకండి. ఓసారి వేసవికి కాలువలు కట్టేశారని పడవాయన మొత్తుకుంటున్నా, "కట్టేస్తే మాత్రం, ఉన్న నీళ్ళు ఎటు పోతాయయ్యా?" అని మమ్మల్ని ఎక్కించారు. సగం దూరం వెళ్ళేసరికి పడవ బురదలో కూలబడింది. టీచరుగారు కాసేపు అటూ ఇటూ చూసి, "సరే, పడవ ప్రయాణం అయింది. ఇక్కణ్ణుంచి నడక" అని ముందు తనే దిగారు. మోకాలి లోతు బురదలో చీరలెత్తి పట్టుకుని నవ్వలేక చచ్చాం. మరుసటి ఏడు నుంచీ చూడదగ్గ స్థలాల్లో ఆ చోటు కూడా చేరింది.

ఈ ఏడు మంచాన పడ్డాక రోజూ ఒకటే ప్రశ్న. "నీళ్ళు వదిలారా?"

"ఇంకా లేదండి."

"వదిలిన ఆదివారం నడక ఆపొద్దు. కేక నువ్వెయ్యి."

"నా గొంతు చాలదండి."

"మూడోసారికి చాల్లేదా ఏంటి?" అని అటు తిరిగి పడుకున్నారు.

ఆవిణ్ణి కాలువకి ఆ పక్కనున్న సమాధుల తోటలో ఉంచి వచ్చాం. తర్వాత రెండు రోజులకే నీళ్ళొచ్చాయి. మొన్న ఆదివారం అలవాటుగా అందరూ వంతెన దగ్గరికి చేరారు. నా వంకే చూశారు. నేను కేకెయ్యకపోతే ఆ నడక ఆ రోజుతో సరి అని మా అందరికీ తెలుసు. వాళ్ళు వంతెన దాటారు. నేను ఈ గట్టున ఒక్కదాన్నే నిలబడ్డాను. రెండుసార్లు నోరు తెరిచినా మాట రాలేదు. ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చాక, మూడోసారి,

"అవతలోళ్ళు బావున్నారా?"

"మేం ఇవతలే ఉన్నామండీ!" అన్నారు అందరూ. అందరి తర్వాత, వెనక సమాధుల తోట వైపు ఎక్కడో నిలబడ్డ కొత్తావిడెవరో ఒక్కర్తే గొంతెత్తి అంది. "ఆఁ, బావున్నామండీ!"

తప్పు జవాబు. టీచరుగారైతే మళ్ళీ చెప్పించేవారు. నాకు చెప్పించబుద్ధి కాలేదు. వంతెన కింద కొత్తనీరు ఎర్రగా, నిండుగా పోతోంది.