మా అత్త కడిగిన తోటకూర

పోయినవారం మా మేనత్త, డైరీ ఫార్మ్ అనే మా పేటలోని తన ఇంట్లో పోయింది. చర్చి సంఘంవాళ్లు ప్రభువునందు నిద్రించిందన్నారు. ఆ నిద్రేదో బతికుండగా ఒక్కరైనా పోనిచ్చారా? నాకు ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

అత్త ఆకుకూరలు అమ్మేది. తుష్నాబాద్ పల్లెలో మా బాబాయి, అంటే ఆమె సొంత తమ్ముడు, పండించిన తోటకూర, బచ్చలి పొద్దున్నే ఆమె గుమ్మంలో దిగేవి. వాటిని నీళ్ల టబ్బులో ముంచి, చేపల తొట్టెకు గాలి కొట్టే మోటారు గొట్టాన్ని అడుగున వదిలేది. సన్న బుడగలు ఆకుల సందుల్లోంచి పైకొస్తూ మట్టినీ, పురుగుల్నీ, పైనున్న పురుగుమందునూ కదిలించేవి. ఒక్క ఆకు నలిగేది కాదు. నేను చేత్తో రుద్దబోతే, "నువ్వు ఆగవే. గాలిని పని చేసుకోనీ" అనేది. నీళ్లు తేటగా కనబడేదాకా మార్చి మార్చి కడిగేది. పక్కిల్లే మాది. నా పిల్లలు పెరిగింది ఆ కూరతోనే.

ఆ టబ్బు వచ్చాక బాబాయికి భయం పోయింది. కోతకు ముందురోజు కూడా మందు కొట్టేవాడు. అడిగితే, "ఫికర్ ఎందుకే? అక్క టబ్బులో వేస్తే అంతా సాఫ్ అయిపోతాది" అని నవ్వేవాడు.

"బుడగ పైనున్నదాన్నే లేపుతాదిరా. ఆకులోకి పోయినదాన్ని నేనేం చేసేది?" అని అత్త మొత్తుకునేది. కట్టలు వెనక్కి పంపమని నేను పోట్లాడితే, "పంపితే ఇంకెక్కడో కడక్కుండా అమ్ముతాడు" అంది. ఆ నీళ్లలో నాని నాని ఆమె అరచేతులు పగిలిపోయాయి. అన్నం చెంచాతో తినేది. చావుకు మందే కారణమని డాక్టరు అనలేదు, నేనూ అనను. ఆ చేతులకు పట్టిన గతిని మాత్రం క్షమించి వదిలేయలేను.

చావు తర్వాత సంఘంవాళ్లు పెట్టిన ఆదరణ కూడికలో బాబాయి లేచి, "మా అక్కవి పవిత్రమైన చేతులు" అని ఏడ్చాడు. నేను లేచి బయటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున, తాళం వేసిన ఆమె గుమ్మంలో మళ్లీ కట్టలు. మందు వాసన గుప్పుమంది. ఫోన్ చేస్తే బాబాయి, "టబ్బు అక్కడే ఉంది కదా బేటా, ఇకమీద నువ్వు చూసుకో" అన్నాడు.

కట్టలన్నీ బస్సులో వేసుకుని తుష్నాబాద్ వెళ్లాను. "ఇవాళ మీ ఇంట్లో ఇవే వండు పిన్నీ" అని వంటింట్లో పడేశాను. బాబాయి మనవరాలు ఆడుతూ వచ్చి, ఒక బచ్చలాకు తుంపి నోట్లో పెట్టుకోబోయింది. బాబాయి ఒక్క దూకున వచ్చి ఆ ఆకు లాక్కున్నాడు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆయన గుప్పిట విప్పలేదు, నా వంక చూడలేదు. వేళ్ల సందుల్లోంచి ఆకు రసం మణికట్టు మీదికి కారుతోంది.