చివర్న పెట్టిన 'నో'

2023 వానాకాలం. ఖమ్మంలో ఓ చిన్న ఆఫీసులో స్పానిష్ ట్రైనర్‌గా పనిచేస్తున్నాను. స్పెయిన్‌లోని ఒక క్లినిక్ పేషెంట్లకు ఫోన్ చేసి, మర్నాటి టెస్టుకి ఎలా రావాలో చెప్పడం మా నర్సుల పని. ఖమ్మంలో స్పానిష్ ఏమిటని నవ్వినవాళ్లున్నారు. నవ్వుకోనీ అనుకునేదాన్ని.

ఆ బ్యాచ్‌లో స్వరూప చురుకైన పిల్ల. జూలూరుపాడు అవతల, అడవి పక్క పల్లె వాళ్లది. నర్సింగ్ చదివింది. ఆమెకి కష్టమైనదల్లా మర్యాద మాటలే. వాళ్లింట్లో తాతనైనా 'నువ్వు' అనే అంటారు. అందులో చనువే తప్ప చులకన లేదు. ఫోన్లో పెద్దవాళ్లతో మాత్రం 'ఉస్తెద్', అంటే 'మీరు', వాడాలి. అందుకని ఫార్మల్ కమాండ్స్, అంటే 'రండి', 'చెప్పండి' లాంటివి, వారం రోజులు రుద్దాను. 'తోమెసెలా' అంటే 'దాన్ని వేసుకోండి'. అందులో 'సె' మన 'వేసుకో'లోని 'కో' లాంటిది, 'లా' అంటే 'దాన్ని'. రెండూ క్రియ వెనకాలే అతుక్కుంటాయి. "మన 'అండి' లాగే చివర తగిలించెయ్యండి, వద్దనాలంటే 'నో' చేర్చండి" అన్నాను. ఎక్కడ చేర్చాలో చెప్పలేదు. సిలబస్ అయిపోవాలన్న తొందర నాది.

ఒక మధ్యాహ్నం స్వరూప మొదటి కాల్. పక్కన ఇంకో హెడ్‌సెట్‌తో నేను వింటున్నాను. అవతల ఎనభై దాటిన ఒంటరి ముసలావిడ. మర్నాడు పొద్దున పరగడుపున టెస్టు కాబట్టి ఆ పూట షుగర్ మాత్ర వేసుకోకూడదు. తినకుండా వేసుకుని కళ్లు తిరిగి పడితే చూసే దిక్కు లేదు. స్వరూప ఎంతో వినయంగా "తోమెసెలా, నో" అంది. ఆవిడ "సీ, సీ, మె లా తోమో" అని ఫోన్ పెట్టేసింది.

స్వరూప వెలిగిపోతూ నావైపు తిరిగింది. "మంచిగ చెప్పిన గద మేడం? అవ్ అన్నది."

నేను గబుక్కున కాగితం లాక్కున్నాను. "ఆవిడ అవునన్నది వేసుకుంటానని! చివర్న 'నో' పెడితే 'వేసుకోండి, సరేనా' అని అర్థం."

"వద్దన్న గద మేడం? మన దిక్కు వద్దు ఆఖరికే వస్తది. పోవద్దు, తినొద్దు, ఏస్కోవద్దు..." అంటూ ఆగిపోయింది. "అయ్యో, ఆ ముసలమ్మకేమన్న అయితే ఎట్ల?"

కాగితం మీద 'నో సె లా తోమె' అని రాసి చూపించాను. వద్దనేటప్పుడు ఆ రెండు ముక్కలూ క్రియ వెనకనుంచి ఊడి ముందుకొస్తాయి, వాటికీ ముందు 'నో' ఉండాలి. ఫోన్ నేనే చేస్తానన్నాను. స్వరూప ఒప్పుకోలేదు.

"తప్పు చెప్పింది నేను. నేనే చెప్త."

మూడుసార్లు చేసినా మోగి ఆగిపోయింది. నాలుగోసారి ఆవిడ ఎత్తింది. స్వరూప ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఆవిడ మళ్లీ "సీ, సీ" అంది. హమ్మయ్య అనుకుని నేను హెడ్‌సెట్ తీయబోయాను. స్వరూప ఫోన్ పెట్టలేదు.

"రెపీతమెలో, సెన్యోరా" అంది. అంటే, 'అది నాకు మళ్లీ చెప్పండమ్మా' అని. ఆ మాట నేను నేర్పింది కాదు, తనే కూర్చుకుంది. ఆవిడ కాస్త తడుముకుని, రేపు పొద్దున మాత్ర వేసుకోనని, ఏమీ తినకుండా వస్తానని ఒప్పజెప్పింది.

"మళ్లీ ఎందుకు చెప్పించావు?" అని అడిగాను.

"మా నాయన గూడ గిట్లనే మేడం. దవాఖానల డాక్టర్ ఏం చెప్పినా అవ్ అవ్ అంటడు. బయటికొచ్చినంక, ఏం చెప్పిండే బిడ్డా అని నన్నడుగుతడు."

టెస్టు సజావుగా జరిగిందని మర్నాడు క్లినిక్ నుంచి కబురొచ్చింది. అప్పటినుంచి నేను 'వేసుకోండి' కన్నా ముందు 'వేసుకోవద్దు' నేర్పుతున్నాను. తలూపినవాళ్లందరినీ లేపి చెప్పిస్తున్నాను కూడా. ఎందుకంటే ఆ వారం పాఠం కాగానే "అర్థమైందా?" అని అడిగింది నేను. అందరూ "అర్థమైంది మేడం" అంటే, నమ్మి పేజీ తిప్పిందీ నేనే.