ఒక గాటుకొక బ్లేడు

రైల్వే వాళ్ల ట్రాఫిక్ కాలనీలో పుట్టి పెరిగిన స్వర్ణకుమారికి ఏ వస్తువునైనా పూర్తిగా అరగకుండా పారేయడం చేతకాదు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన వాళ్ల నాన్న, గడ్డం గీసుకునే బ్లేడును గాజు గ్లాసు లోపల రుద్ది పదునుపెట్టి నెలంతా నడిపేవాడు. ఆ అలవాటే ఇప్పుడు ఆమె కొంప ముంచింది.

అదే ఊళ్లో హిజ్లీలో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్‌లోని ల్యాబులో ఆమె పద్దెనిమిదేళ్లుగా టెక్నీషియను. తేలిగ్గా విరగకుండా రబ్బరు నలుసులు కలిపిన ప్లాస్టిక్ పలక అంచున బ్లేడుతో సన్నని గాటు పెట్టి, యంత్రానికి బిగించి, రెండు వైపులా లాగిస్తుంది. గాటు మొన దగ్గర ప్లాస్టిక్ ముందు తెల్లబడుతుంది, తర్వాత పగులు మెల్లగా పాకుతుంది. ఎంత బలానికి పాకిందో రాసుకోవాలి. గాటు పెట్టాలంటే స్వర్ణకుమారే పెట్టాలని ప్రొఫెసర్లంటారు. ఆ మాటంటే ఆమెకు ప్రాణం.

నెల్లూరు నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని రష్మిత, స్వర్ణకుమారి కోసిన ముప్పై పలకల సగటు బలం చూసి ఎగిరి గంతేసింది. తను తయారుచేసిన ప్లాస్టిక్ అనుకున్నదానికంటే మొండిది! సోమవారం ప్రొఫెసర్ల ముందు చెప్పాలి.

గురువారం మధ్యాహ్నం స్వర్ణకుమారి ఆ అంకెలను వరుసగా చదివింది. ఒకటి నుంచి పది దాకా పెరుగుతూ పోయాయి. పదకొండు దగ్గర దబ్బున పడి మళ్లీ పెరిగాయి. ఇరవై ఒకటి దగ్గరా అంతే. ఆమెకు విషయం అర్థమైంది. పదేసి పలకలకు ఒకే బ్లేడు వాడింది మరి. బ్లేడు మొద్దుబారేకొద్దీ గాటు మొన గుండ్రంగా మారి, పగులు కదలడానికి ఎక్కువ బలం పట్టింది. అందులో ప్లాస్టిక్ గొప్పేమీ లేదు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. అయినా లేచి రష్మిత దగ్గరికి వెళ్లింది.

"రష్మితమ్మా, ఈ అంకెలు పనికిరావు. నానే పాడు సేసినాను," అని జరిగిందంతా చెప్పింది.

రష్మిత కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "సోమవారం ఏం చెప్పను అక్కా?"

"ఏటవుద్ది? పలకలింకా ఉన్నాయి కదా. లే, మళ్లీ కోద్దాం."

మూడు రోజులు ఇద్దరూ ల్యాబు వదల్లేదు. ఒక్కో గాటుకు ఒక్కో కొత్త బ్లేడు. తళతళలాడే బ్లేడును ఒక్క గాటుకే చెత్తడబ్బాలో పడేయాలంటే ప్రతిసారీ ఆమె చెయ్యి వెనకాడింది. ముప్పైసార్లూ పడేసింది.

ఆదివారం సాయంత్రానికి సగటు మూడో వంతు తగ్గింది. కానీ ఈసారి ముప్పై అంకెలూ దగ్గరదగ్గరగా నిలిచాయి. రష్మిత నిట్టూర్చి, పాత పేజీ చించబోయింది. స్వర్ణకుమారి ఆ చెయ్యి పట్టుకుంది.

"సించకమ్మా. పదేసి పలకలకి ఒకే బ్లేడుతో కోసినవని పైన రాయి. కోసింది స్వర్ణకుమారని కింద రాయి."